ఇంగువ, అంజూర ధరల గురించి మా దుకాణం తరఫున వివరణ

నెల్లూరు చిన్నబజారులోని మా దుకాణంలో ఇంగువ, అంజూర, ఎండుద్రాక్షల ధరలు ఎందుకు పెరిగాయని కావలి, ఆత్మకూరుల నుంచి వచ్చే పాత కొనుగోలుదారులు కూడా అడుగుతున్నారు. రద్దీలో నిలబడి రెండు మాటల్లో చెప్పగలిగిన సంగతి కాదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మేము అమ్మే అంజూర, ఎండుద్రాక్షలలో మేలురకం అఫ్గానిస్థాన్‌లో పండుతుంది. ఇంగువ తయారీకి వాడే మొక్క పాలు (జిగురు) కూడా ప్రధానంగా అక్కడి నుంచి, ఇరాన్ నుంచి వస్తాయి. అఫ్గానిస్థాన్‌కు సముద్రతీరం లేదు కాబట్టి అక్కడి సరుకు పాకిస్థాన్ మీదుగానో, ఇరాన్ మీదుగానో, కాకపోతే విమానంలోనో రావలసిందే. అఫ్గానిస్థాన్, పాకిస్థాన్‌ల మధ్య 2010లో కుదిరిన రవాణా ఒప్పందం ప్రకారం అఫ్గాన్ సరుకు వాఘా దాకా వచ్చేది. మన వైపున అట్టారీలో 2012లో తెరిచిన తనిఖీ కేంద్రం దాటి అమృత్‌సర్, ఢిల్లీ, హైదరాబాద్ బజార్ల గుండా మన ఊరికి చేరేది. మన సరుకు అదే దారిన కాబూల్‌కు వెళ్లడానికి మాత్రం ఆ ఒప్పందంలో వీలు లేదు. అలా సగమే తెరిచిన దారి అయినా, దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వల్ల సుంకం భారం తప్పి, ఆ సరుకును సామాన్యులు కొనగలిగిన ధరకు అమ్మగలిగాము.

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని బలిగొన్న ఉగ్రదాడి తర్వాత మన ప్రభుత్వం అట్టారీని మూసివేసింది. మే 2న పాకిస్థాన్ సరుకు నేరుగా గానీ వేరే దేశం గుండా గానీ రాకుండా నిషేధించింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే అంతమంది ప్రాణాలు పోయిన చోట మా వ్యాపారం గురించి మాట్లాడే హక్కు మాకు లేదు. అయితే ఆ గొడవలో భాగం లేని అఫ్గాన్ రైతు పంట కూడా దారిలోనే ఆగిపోయింది. మే నెల మధ్యలో మన విదేశాంగ మంత్రి జైశంకర్ అఫ్గాన్ విదేశాంగ మంత్రి ముత్తఖీతో ఫోనులో మాట్లాడిన రోజుల్లోనే, చిక్కుకుపోయిన సుమారు 160 లారీలను ప్రత్యేకంగా లోపలికి అనుమతించారు. మాట్లాడుకుంటే మూసిన సరిహద్దులో కూడా దారి దొరుకుతుందని ఆ లారీలను చూసి నాకు నమ్మకం కలిగింది. మూడో దేశపు సరుకు విషయంలో ఇటువంటి వెసులుబాటును ఒక్కసారి మినహాయింపుగా కాక, రాతపూర్వక నిబంధనగా ఒప్పందాలలో చేర్చాలని నా గట్టి అభిప్రాయం. ఇది సాధ్యం కాదనేవారు బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు ఒప్పందాన్ని గమనించాలి: 1974లో సంతకాలైన ఆ ఒప్పందం ఎంత ఆలస్యమైనా 2015లో అమలై, ఒకరి భూభాగంలో చిక్కుకున్న మరొకరి 162 చిన్న ప్రాంతాల మార్పిడి శాంతియుతంగా జరిగిపోయింది.

ఆ తర్వాత 2025 అక్టోబరులో పాకిస్థాన్, అఫ్గానిస్థాన్ సైన్యాలే తలపడటంతో తోర్ఖమ్, చమన్ సరిహద్దు ద్వారాలు మూతపడ్డాయి. ఖతార్, తుర్కియేల మధ్యవర్తిత్వంతో దోహాలో కాల్పుల విరమణ కుదిరినా సరుకు రవాణా వెంటనే మొదలు కాలేదు. విమానం కాక ఇక మిగిలిన దారి ఇరాన్‌లోని చాబహార్ రేవు. అక్కడ ఒక టెర్మినల్ నిర్వహణకు మన దేశం 2024 మేలో పదేళ్ల ఒప్పందం చేసుకుంది. కానీ ఇరాన్‌పై అమెరికా ఆంక్షల భయంతో దిగుమతిదారులు ముందుకు రావడానికి తటపటాయిస్తున్నారు. చుట్టుదారి కిరాయి, బీమా, ఆలస్యం అన్నీ చివరకు మీరు చెల్లించే ధరలోనే కలుస్తున్నాయి.

మా దుకాణం వరకు నిర్ణయాలు ఇవి. పాకిస్థాన్‌లోని ఖేవ్‌రా గని నుంచి వచ్చిన సైంధవ లవణం పాత నిల్వ అయిపోగానే ఆ అమ్మకం ఆపుతాము, వేరే ఉప్పుకు ఆ పేరు పెట్టి అమ్మము. అంజూర ఏ దేశానిదో ప్రతి పొట్లం మీద రాస్తున్నాము. ఇంగువ ధర హోల్‌సేల్ రేటు ఎంత పెరిగితే అంతే పెంచాము, మా లాభం శాతం మార్చలేదు. కొనుగోలు బిల్లులు అడిగినవారికి చూపిస్తాము. రంజాన్‌కు, పెళ్లిళ్లకు ఎక్కువ మొత్తంలో కావలసినవారు కనీసం నెల ముందు చెబితే, ఆ రోజు ధర ఖాయం చేసి సరుకు తెప్పిస్తాము.