కేంద్ర పర్యావరణ, అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

మంత్రిగారూ,

అడవిని ముంచే ప్రాజెక్టు ఫైలు మీ బల్ల మీదికొస్తే, సంతకానికి ముందు వృక్షశాస్త్రజ్ఞురాలు ఇ.కె. జానకి అమ్మాళ్‌ను తలుచుకోండి. 1897లో తలశ్శేరిలో పుట్టి, 1931లో మిషిగన్‌లో డాక్టరేట్ అందుకున్నారు. కోయంబత్తూరులో చెరకును మొక్కజొన్నతోనూ సంకరం చేశారు. 1945లో బ్రిటిష్ శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగుమొక్కల క్రోమోజోముల (కణాల్లో వంశలక్షణాలను మోసే పోగుల) అట్లాస్ తెచ్చారు. ఇంగ్లండులో మాగ్నోలియా అనే పూలచెట్టు రకం ఒకదానికి ఆమె పేరే పెట్టారు!

ఇదంతా ఒక ఎత్తు. కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి, జలవిద్యుత్ ప్రాజెక్టు వల్ల కుంతి నది నీళ్లలో మునగబోతోందని తెలిసి, ఎనభైకి చేరువైన ఆవిడ అక్కడి చెట్ల క్రోమోజోముల సర్వేకు నడుం కట్టడం ఒక ఎత్తు. ఆ ప్రాజెక్టు ఆగింది. 1984లో ఆవిడ పోయారు; అదే ఏడు ఆ అడవి జాతీయ పార్కయింది.

మా విన్నపం ఒకటే: ప్రాజెక్టు కట్టేవాళ్లే డబ్బిచ్చి రాయించుకున్న నివేదికతో సరిపెట్టకండి. స్వతంత్ర వృక్షశాస్త్రజ్ఞులతో అన్ని రుతువుల్లోనూ మొక్కల సర్వే చేయించి, జాబితాను స్థానిక భాషలో ఊరి పంచాయతీ గోడకు అంటించండి. అనుమతి సంగతి ఆ తర్వాత.

ఇట్లు,
ఒక వృక్షశాస్త్ర అధ్యాపకురాలు