ఏ మత్తు ఒంట్లో ఏం చేస్తదో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారమండి.

మీ జిల్లా ఎడిషన్లో వారానికొక్కసారైనా గంజాయి వార్త ఉంటదండి. మూటలు వరసగా పేర్చి, వెనకాల పోలీసులు నిలబడి, ఇన్ని కేజీలు ఇన్ని లక్షలు అని. పక్కనే ఏదో కాలేజీలో అవగాహన సదస్సు, డ్రగ్స్ వద్దు బ్రో అని ప్లకార్డులు. వెయ్యండి, తప్పులేదు. కానీ ఏది లోపలికి పోతే ఒంట్లో ఏం జరుగుద్దో మాత్రం ఎక్కడా కనపడదు. అన్నిటినీ ఒకే గాటన కట్టేసి అన్నీ చంపేస్తాయి అంటే కుర్రాళ్ళు నమ్మట్లేదండి. నాది రాజోలు దగ్గర మందుల షాపు, సదస్సుకెళ్ళొచ్చిన పిల్లలు మా కౌంటరు దగ్గరే నవ్వుకుంటారు, "గంజాయి తాగితే పోతారంట బాబాయ్, మా సీనియర్లు ఒక్కడూ పోలేదే" అని. ఆ ఒక్క మాట అబద్ధం అనిపించిందంటే మిగతావి కూడా అబద్ధాలే అనుకుంటారు, నిజంగా ప్రాణం తీసేవాటితో సహా.

గంజాయి చేసే చెడు వేరే ఉందండి. గుండె దడ పెరుగుద్ది, కళ్ళు ఎర్రబడతాయి, ఆకలి వేస్తది, అప్పుడే విన్నది అప్పుడే మర్చిపోతారు. దాంట్లో మత్తెక్కించే టీహెచ్‌సీ అనే పదార్థం కొవ్వులో నిలవుంటది కాబట్టి రోజూ తాగేవాడు మానేసినా వారాల తరబడి యూరిన్ టెస్టులో దొరుకుతాడు. మెదడు పూర్తిగా తయారవడానికి పాతికేళ్ళు పడుద్ది కదండి, ఇంటర్ పిల్లలు మొదలెడితే కొంతమందికి ఎవరో తిడుతున్నట్టు మాటలు వినపడటం, ఇంట్లోవాళ్ళ మీదే అనుమానం, ఇలాంటివి వస్తాయి. ఇంట్లో అలాంటి జబ్బు ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ. చచ్చిపోతావురా అనేకన్నా ఈ మాట చెప్తే వింటారు, నేను చెప్పి చూశాను.

అసలు నా కళ్ళకి రోజూ కనపడేది గంజాయి కాదు, తాగుడు. ఇందులో ఒక సంగతి మీరు కచ్చితంగా రాయాలి. కార్తీకమాసం రాగానే మాలలు వేసుకుంటారు, మంచిదే, కాదనను. కానీ ఏళ్ళ తరబడి రోజూ క్వార్టరో హాఫో పడితే గానీ నిద్రపోని మనిషి మాల పడిన రోజు నుంచి చుక్క ముట్టడు. ఆల్కహాలు మెదడుని నెమ్మది చేస్తది, రోజూ తాగేవాడి మెదడు దాన్ని తట్టుకోడానికి లోపల స్పీడు పెంచుకుని కూర్చుంటది, ఒక్కసారిగా ఆపేస్తే ఆ స్పీడంతా బయటపడుద్ది. మొదటి రోజే చేతులు వణుకు, చెమటలు. రెండ్రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో కొందరికి లేని మనుషులు కనపడతారు, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు. ఇంట్లోవాళ్ళేమో నియమం తప్పింది, గాలి సోకింది అంటారు. పోయినేడు మా వీధి స్వామి ఒకాయన నల్లపంచెతో వచ్చి షాపు అరుగు మీద కూలబడ్డాడు, గ్లాసుతో నీళ్ళిస్తే సగం గుండెల మీద ఒలికిపోయాయి. వాళ్ళావిడ నీరసమండి, గ్లూకోజు పాకెట్ ఇవ్వండి అంటది. గ్లూకోజు తర్వాత సంగతమ్మా, ముందు ఆస్పత్రికి పదండి అని ఆటో ఎక్కించాను. బాగా తాగేవాళ్ళకి బీ1 విటమిన్ అడుగంటిపోయి ఉంటది, అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది, అందుకే డాక్టర్లు ముందు ఆ బీ1నే, అంటే థయమిన్ ఇస్తారు. మానడం తప్పు కాదండి, డాక్టరుకి చెప్పకుండా మానడం ప్రమాదం.

నిద్రమాత్రలు కూడా, అల్ప్రాజోలం, డయాజిపాం లాంటివి, మెదడులో దాదాపు ఆల్కహాలు దారిలోనే పనిచేస్తాయి. అందుకే బ్రాందీ తాగి పైన రెండు బిళ్ళలు మింగితే నిద్రలోనే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు. నెలల తరబడి వాడి టక్కున మానేసినా ఫిట్సే. 2014 నుంచి ఇలాంటివాటికి షెడ్యూల్ హెచ్1 అని వేరే రిజిస్టరు పెట్టారు, చీటీ రాసిన డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని బిళ్ళలిచ్చామో అన్నీ రాసి 3 ఏళ్ళు దాచాలి. రాసేవాళ్ళం రాస్తున్నాం, రాయనివాళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు, వాళ్ళ మీద మాత్రం వార్త రాదు.

కోడీన్ ఉన్న దగ్గు సిరప్పు, ట్రమడాల్ నొప్పి బిళ్ళలు, ఇవి హెరాయిన్, మార్ఫిన్ చుట్టాలే. కంటిపాప సూదిమొనంత అయిపోద్ది, మలబద్ధకం, జోగుతూ ఉంటారు, డోసు ఎక్కువైతే ఊపిరి ఆగుద్ది. ట్రమడాల్‌కి ఫిట్స్ అదనం. మనిషి లేపితే లేవట్లేదు, పెదాలు నీలం తిరిగాయి అంటే పొద్దున్నకి దిగిపోద్దిలే అని వదిలేయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. వీటికి విరుగుడు నాలోక్సోన్ ఇంజెక్షను, అది టైముకి పడితే మనిషి తేరుకుంటాడు, ఏం మింగాడో డాక్టరుకి దాచకుండా చెప్పాలంతే.

కొకైన్, ఎండీఎంఏ లాంటివి రివర్సు, ఒంటిని పరుగులు పెట్టిస్తాయి, బీపీ పెరుగుద్ది, ఒళ్ళు కాలిపోద్ది, పాతికేళ్ళవాడికి కూడా గుండెపోటు రావచ్చు. మా ఊళ్ళో నేనైతే చూడలేదు. ఖైనీ మాత్రం చూడని రోజు లేదు, నికోటిన్ కూడా గుండెని పరిగెత్తించేదే, మన లంకల్లో పండే పొగాకు చుట్టైనా అంతే, ఇదేం మత్తు కాదులే అనుకుంటాం గానీ ఒకసారి పట్టుకుంటే వదిలించుకోడం చాలా కష్టం.

ఇంకొకటి, వైట్‌నరు, పంక్చర్ల సొల్యూషను గుడ్డలో పోసి పీల్చే పిల్లలు. చిన్నపిల్లలండి, డబ్బుల్లేక ఇది పడతారు. ఆ ఆవిరి గుండెని ఎంత సున్నితం చేసేస్తదంటే పీల్చిన కాసేపటికి భయపడినా పరిగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే పడిపోవచ్చు, మొదటిసారైనా సరే. గట్టు మీద అలాంటి పిల్లాడు కనపడితే కర్ర పట్టుకుని తరమకండి. నెమ్మదిగా కూర్చోబెట్టి గాలి తగలనివ్వండి. ఈ ముక్క ఏ సదస్సులోనైనా చెప్పారేమో కనుక్కోండి.

నేనడిగేది ఇంతే. వారానికి ఒక మత్తు చొప్పున, ఒంట్లో ఏం చేస్తది, దేనితో కలిస్తే ప్రాణం మీదకొస్తది, మానేటప్పుడు ఏం జరుగుద్ది, ఈ మూడూ ఒక సైకియాట్రీ డాక్టరు గారి చేత రాయించండి. మన ప్రభుత్వాస్పత్రుల్లో ఎక్కడ వైద్యం దొరుకుద్దో, ఓపీ ఏ రోజో కూడా వెయ్యండి. మాన్పించే సలహాకి 14446, మనసు బాగోకపోతే 14416, అమ్మేవాళ్ళ గురించి చెప్పాలంటే 1972, ఈ మూడు నంబర్లూ రోజూ ఒక మూల ఉంచండి.

కేసు పెడతారేమో అని భయపడి పిల్లల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళని తల్లిదండ్రులు నాకు తెలుసు. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షనుంది, వాడకానికి గానీ, కొద్ది మొత్తం దగ్గరున్నందుకు గానీ కేసు పడ్డవాడు, మత్తుకి బానిసైనవాడు, తనంతట తానే గుర్తింపున్న ఆస్పత్రిలో మాన్పించుకునే వైద్యానికి చేరితే అతని మీద ప్రాసిక్యూషన్ ఉండదు, కాకపోతే వైద్యం మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఈ సెక్షను మీద ఒక వకీలు గారి చేత వివరంగా రాయించండి, పండగకి హాస్టల్ పిల్లలు ఇళ్ళకి వచ్చే లోపు వస్తే మరీ మంచిది.

ఇట్లు,
మందుల షాపు నడిపే ఒక పాఠకుడు,
రాజోలు, కోనసీమ