అంకెలన్నీ ఒకేసారి కిందికి దిగాయి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. నాన్నగారి శుక్లాల ఆపరేషన్ బాగా జరిగింది, పాప పదో తరగతికి వచ్చింది. తక్కిన కబుర్లు కలిసినప్పుడు చెప్పుకుందాం. నీకు వెంటనే చెప్పి తీరవలసిన సంగతి వేరే ఉంది.

ఇంటర్ రసాయనశాస్త్రం ప్రశ్నలన్నీ ఒకచోట చేరుస్తున్నానని నీకు తెలుసు కదా. ప్రతి ఫార్ములాలోనూ అంకెను విడిగా పట్టుకొని సబ్‌స్క్రిప్టుగా, అంటే వరుసకు కాస్త కిందుగా ఉండే చిన్న అంకెగా మార్చడంతోనే సాయంత్రాలు గడిచిపోయేవి. వర్డ్ ఆటోకరెక్ట్‌లో ఒక్కో ఫార్ములానూ దిద్దిన రూపంలో దాచుకోవచ్చు గానీ, అలా ఎన్నని దాస్తాం? వర్డ్ లాంటిదే అయిన లిబ్రేఆఫీస్ రైటర్‌లో కంట్రోల్, హెచ్ నొక్కి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) దగ్గర టిక్కు పెట్టి, తనకు ముందు ఇంగ్లీషు అక్షరం గానీ మూసిన బ్రాకెట్టు గానీ ఉన్న అంకెలను వెతకమని నమూనా ఇచ్చి, ఫైండ్ ఆల్ నొక్కితే, ఫైలంతటా ఆ అంకెలు మాత్రమే ఎంపికవుతాయి. నమూనా ముందున్న అక్షరాన్ని చూస్తుందే గాని పట్టుకోదు, కిటుకంతా అక్కడే ఉంది. ఆపైన కంట్రోల్, షిఫ్ట్, బి నొక్కగానే అన్నీ ఒక్కసారిగా కిందికి దిగుతాయి! సమీకరణంలో నీటి ముందున్న గుణకం 2 కదలదు, దాని ముందు ఖాళీ ఉంది కనుక. కాపర్ సల్ఫేట్ స్ఫటికాల ఫార్ములాలో చుక్క తర్వాతి 5 కూడా చెక్కుచెదరదు. మన మైలుతుత్తం మాస్టారు ఇది చూసి ఉంటే చాక్‌పీసు విసరకుండా ఊరుకునేవారు. ఇంగ్లీషు అక్షరంతో A4 కాగితం అన్నచోట మాత్రం 4 అనవసరంగా దిగిపోతుంది, దాన్ని చేత్తో ఎత్తాలి.

ఇక అయాన్ల దగ్గర, అంటే విద్యుదావేశమున్న కణాల దగ్గర, అసలు చిక్కు వచ్చింది. ఫెర్రిక్ అయాన్‌లో 3, ప్లస్ రెండూ పైకి పోవాలి. అమ్మోనియంలో 4 కింద ఉండి ప్లస్ ఒక్కటే పైకి పోవాలి. టైపు చేసిన వరుస మాత్రం రెండింటికీ ఒకటే, అక్షరాలు, అంకె, గుర్తు. ఒకే మూలకమైతే అంకె ఆవేశానిదనీ, రెండు మూలకాలుండి అంకె ఒక్కటే అయితే అది పరమాణువుల సంఖ్య అనీ, సల్ఫేట్‌లోలాగా రెండంకెలుంటే చివరిది ఆవేశానిదనీ నియమం పెట్టుకున్నాను. చాలావరకు నిలిచింది. కానీ ఆక్సిజన్, 2, మైనస్ అని ఉంటే అది ఆక్సైడా, సూపర్ఆక్సైడా? మొదటిదైతే 2 పైన, రెండోదైతే కింద! ఏ నమూనా దీన్ని తేల్చలేదు. ప్రశ్న చదివి, పక్కన పొటాషియం ఉందో కాల్షియం ఉందో చూసి మనమే తేల్చాలి. ఇక్కడ తొందరపడితే పిల్లలు తప్పు అయాన్‌ను నేర్చుకుంటారు, అందుకే వాటిని ఒక్కొక్కటిగా...

బస్సు వచ్చేసింది. నీ ఆర్గానిక్ నోట్సు ఫైలు పంపించు, ఈ ఆదివారమే సరిచేసి పంపుతాను.

నీ
మిత్రుడు