యువజన సంఘాలకు పని అప్పగించండి

సంపాదక మహాశయా,

మా ఊళ్లో యువజన సంఘం అంటే ఇప్పుడు వినాయక చవితి పందిరి, సంక్రాంతి క్రికెట్ పోటీలు. నేను కార్యదర్శిగా ఉన్న రోజుల్లో బోరింగు దగ్గర నిలిచే మురుగునీటికి ఇంకుడు గుంత తవ్వాం. తవ్వడం తేలికే. కంకర ఎవరు తోలాలి, చందా ఇవ్వనివాళ్ల ఇంటి ముందూ తవ్వాలా అన్న పంచాయితీ తెగేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నలుగురిలో నోరు పెగలని నేను సర్పంచ్ గారితో వాదించడం, జమాఖర్చులు రాసి అందరికీ చదివి వినిపించడం అక్కడే నేర్చుకున్నా.

1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు పల్లెల్లో ఇలాంటి సంఘాలనే ప్రోత్సహించాయి. 2023లో కేంద్రం యువత కోసం ‘మేరా యువ భారత్’ అనే వేదిక తెచ్చింది. 15 నుంచి 29 ఏళ్లవాళ్లు పోర్టల్‌లో చేరొచ్చు. మంచిదే. కానీ ఫోన్‌లో సర్టిఫికెట్ వస్తే గ్రామసభలో లేచి మాట్లాడటం వచ్చేస్తుందా? ఇక ఆడపిల్లలనైతే సంఘం గది గడప కూడా తొక్కనివ్వరు.

పంచాయతీలు ఏటా ఒక చిన్న పని, మొక్కల పెంపకమో, వీధి దీపాల నిర్వహణో, డబ్బుతో సహా యువజన సంఘాల పిల్లలకు అప్పగించాలి. లెక్కలు గ్రామసభలోనే అడగాలి.

– ఒక రైతు, గుంటూరు జిల్లా