పబ్బులు రాశావు, కల్లు దుకాణం ఏది?

బిడ్డా,

మత్తు అలవాట్ల మీద నువ్వు రాసి పంపిన సెమినార్ వ్యాసం రాత్రి షాపు కట్టేశాక చదివాను. పబ్బులు, హాస్టళ్లు, గంజాయి చాక్లెట్లు... టీవీలో చూపించేదంతా ఉంది. మన నిజామాబాద్ మాత్రం ఎక్కడా లేదు.

2015లో కల్లులో అల్ప్రాజోలం అనే, నిద్ర బిళ్లల్లో వాడే మత్తుమందు కలుపుతున్నారని ఎక్సైజు వాళ్లు దాడులు చేస్తే ఆ కల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. అప్పుడు మన మెడికల్ షాపు ముందు నిలబడ్డది ఎవరనుకున్నావు? కూలికి పోయేవాళ్లు, ముసలోళ్లు, బీడీలు చుట్టే ఆడవాళ్లు. ఒకామె చేతులు ఎంత వణికాయంటే, కొంగు ముడి విప్పి డబ్బులు తీయడం కూడా చేతకాలేదు. నిద్ర లేక ఏదేదో మాట్లాడుతోంది. కొందరికి ఫిట్స్ వస్తే పెద్దాసుపత్రికి మోసుకుపోయారు. తమకు అల్ప్రాజోలం అలవాటైందని వాళ్లకే తెలియదు. అదే బిళ్ల కోసం డాక్టర్ చీటీ పట్టుకొని కారులో వచ్చేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు, ఇలాంటి మందులు ఎవరికి అమ్మామో రాసే నా హెచ్1 రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి, అంతే తేడా.

2019లో కేంద్రం విడుదల చేసిన ఎయిమ్స్ సర్వే చూడు. 10 నుంచి 75 ఏళ్ల వాళ్లలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, గంజాయి, భంగు వాడేవాళ్లు 2.8 శాతం. నీ వ్యాసంలో మద్యానికి ఒక్క లైనే! వైట్నర్, పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చడం ఒక్కటే పెద్దవాళ్లకన్నా పిల్లల్లో ఎక్కువట. చేతికి అందేది, చవకగా దొరికేది అదే మరి.

'ఆడవాళ్లలో ఈ సమస్య లేదు' అన్న వాక్యం తీసెయ్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశం మొత్తం మీద 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో మద్యం తాగేవాళ్లు 1.3 శాతమే. కానీ అదే సర్వేలో తెలంగాణలో 6.7 శాతం, మన పల్లెల్లో 9. పొలం పని దిగాక కల్లు తాగడం ఇక్కడ ఎవరూ దాచుకునేది కాదు. ఆంధ్రాలో ఒక్క శాతం కూడా లేదు. అక్కడ నిజంగానే తక్కువా, లేక ఇంటికొచ్చి అడిగినవాళ్లకు చెప్పలేదా అన్నది మీ మేడమ్‌ని అడుగు.

మార్చాక మళ్లీ పంపు. ఆఖరి స్లైడులో ఫొటో తీసేసి, వ్యసనం మాన్పించే హెల్ప్‌లైన్ 14446 పెద్దక్షరాల్లో పెట్టు. శనివారం బస్సెక్కేముందు ఫోన్ చెయ్యి, అమ్మ సకినాలు చేస్తోంది.

మీ నాన్న