రేడియేషన్ అయిపోయాక వచ్చే ఇబ్బందులకూ వైద్యం ఉంది

సంపాదకులకు నమస్కారం.

క్యాన్సర్ మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు లక్షణాలతో మొదలై చికిత్స దగ్గర ఆగిపోతాయి. పొత్తికడుపు కింది భాగానికి రేడియేషన్ తీసుకున్నవారికి మాత్రం ఎన్నో సందేహాలు ఆ తర్వాతే మొదలవుతాయి. గర్భాశయ ముఖద్వారం, గర్భసంచి, ప్రొస్టేట్, మూత్రసంచి, పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం)... క్యాన్సర్ ఎక్కడున్నా, అక్కడ అవయవాలన్నీ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. ఎంత గురిచూసి ఇచ్చినా కొంత డోసు పక్కవాటి మీద పడక తప్పదు. ఆ తర్వాత వచ్చే బాధలకు రోగులూ ఇంట్లోవాళ్లూ, ఒక్కోసారి డాక్టర్లు కూడా చెప్పే సమాధానం ఒకటే: "కరెంటు పెట్టారు కదా, ఇక ఇంతేలే." ఇది తప్పు. వీటిలో చాలావాటికి కారణం వెతికితే దొరుకుతుంది, మందూ ఉంటుంది. మీ పాఠకుల్లో ఇలా మౌనంగా సర్దుకుపోతున్నవారి కోసం ఈ నాలుగు విషయాలు రాస్తున్నాం.

చికిత్స రెండో మూడో వారంలో మొదలయ్యే విరేచనాలు, మూత్రంలో మంట, చర్మం కమలడం, నీరసం ఒక రకం. పేగు లోపలి పొరలో కణాలు ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. రేడియేషన్ ఆ పుట్టుకను ఆపేస్తుంది కాబట్టి పొర పలచబడి పుండు పడుతుంది. ఆఖరి రోజు దాటాక ఒకటి రెండు వారాలు ఈ బాధలు ఇంకా పెరుగుతాయి. అది మామూలే. చాలామందిలో 6 నుంచి 12 వారాల్లో సర్దుకుంటాయి. రెండో రకం మూడు నెలలు దాటాక, ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. సన్నని రక్తనాళాలు కొద్దికొద్దిగా మూసుకుపోయి, మెత్తటి కండ గట్టిపడి, సాగే గుణం పోవడమే దానికి మూలం. పొగతాగేవారికి ఈ నష్టం ఎక్కువ. కాబట్టి చికిత్స ముగిశాక సిగరెట్ మానేసినా లాభమే.

అన్నిటికంటే ఎక్కువమందిని వేధించేది పేగు. రాత్రి నిద్రలో లేచి మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తోందా? ఆపుకోలేక బట్టలు పాడవుతున్నాయా? మలంలో రక్తం కనిపిస్తోందా? కడుపు బాధ వల్ల బయటికి వెళ్లడం, పని చేసుకోవడం మానుకున్నారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా జీర్ణకోశ వైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే. ప్రతి ఫాలో అప్‌లోనూ డాక్టర్లే ఈ ప్రశ్నలు అడగాలి. అడగకపోతే మీరే నోరు తెరిచి చెప్పండి.

రేడియేషన్ తర్వాత నీళ్ల విరేచనాలకు ఒకే కారణం ఉండదు, ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండొచ్చు. అందుకే మాత్రలతో ఆపేసి ఊరుకోవడం సరికాదు. తరచూ పట్టుబడనిది పైత్యరసం సమస్య. కొవ్వును అరిగించడానికి కాలేయం వదిలే పైత్యరసాన్ని చిన్నపేగు చివరి భాగం తిరిగి పీల్చుకుంటుంది. ఆ భాగం సరిగ్గా రేడియేషన్ పడే చోటే ఉంటుంది. అది దెబ్బతింటే పైత్యరసం పెద్దపేగులోకి దిగిపోయి, అక్కడ నీటిని ఊరేలా చేస్తుంది. కొవ్వున్న భోజనం చేయగానే పరుగెత్తాల్సి రావడం, మలం జిడ్డుగా, దుర్వాసనతో ఉండి నీళ్లు పోసినా త్వరగా పోకపోవడం దీని గుర్తులు. కొలెస్టిరమైన్ పొడి, కొలెసెవెలం మాత్రలు ఆ రసాన్ని పట్టి ఉంచుతాయి. అయితే కొలెస్టిరమైన్ మిగతా మందులనూ అలాగే పట్టేస్తుంది. థైరాయిడ్, బీపీ మాత్రల్లాంటివి దానికి గంట ముందు గానీ, 4 నుంచి 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. విటమిన్ బి12ను పీల్చుకునేదీ పేగులో ఆ చివరి భాగమే కాబట్టి ఏడాదికోసారి దాని పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

కడుపు ఉబ్బరం, గ్యాసు, గుడగుడలు ఎక్కువగా ఉంటే చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగిందేమో చూస్తారు. దానికి కొద్దిరోజుల యాంటీబయాటిక్ సరిపోవచ్చు. పాలు పడటం లేదని అనుమానం ఉంటే ఒకటి రెండు వారాలు పూర్తిగా ఆపి చూడండి. తేడా లేకపోతే మళ్లీ మొదలుపెట్టండి, ఎముకలకు కావలసిన కాల్షియాన్ని ఊరికే వదులుకోవద్దు.

విరేచనాలను ఆపే లోపెరమైడ్ మంచి మందే, కానీ వేసుకునే వేళ చాలామందికి తెలియదు. విరేచనం అయ్యాక వేసుకునే అలవాటు రెండు రోజుల విరేచనాలకు సరే. నెలల తరబడి సాగే ఇబ్బందికైతే భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి, ఎందుకంటే కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది. 2 మిల్లీగ్రాముల మాత్ర ఒకదానితో మొదలుపెట్టి, డాక్టరు సలహాతో పెంచడమో తగ్గించడమో చేయాలి. ఒక్క మాత్రకే మలబద్ధకం వస్తే ద్రవరూపంలో ఇంకా తక్కువ డోసు తీసుకోవచ్చు. డాక్టరు పర్యవేక్షణలో కూడా రోజుకు 16 మిల్లీగ్రాములు దాటకూడదు, మితిమీరితే గుండె లయ తప్పుతుంది. జ్వరంతో రక్త విరేచనాలు అవుతున్నా, కడుపు ఉబ్బి గట్టిపడినా దాన్ని ముట్టుకోవద్దు.

మలం ఒత్తిడి రాగానే పరుగెత్తితే కడుపు కండరాలు బిగిసి ఆపుకోవడం ఇంకా కష్టమవుతుంది. ఉన్నచోటే నిలబడి గానీ కూర్చుని గానీ, మలద్వారం చుట్టూ కండరాన్ని లోపలికి లాగి బిగబట్టండి. ఆ ఉధృతి కాసేపటికి తగ్గుతుంది, అప్పుడు నడిచి వెళ్లండి. ఈ కండరానికి బలం కావాలంటే 10 సెకన్లు బిగించి 10 సెకన్లు వదలడం, ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు చేయాలి. మొదట్లో 3 సెకన్లే పట్టగలిగినా ఫరవాలేదు. పిరుదులు, తొడలు బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. ఫలితం తెలియడానికి మూడు నెలలు పట్టొచ్చు. మూత్రం ఆగనివారికీ ఇదే సాధన.

పేగు బాధలకు పద్ధతి ప్రకారం వైద్యం చేస్తే ఫలితం ఉంటుందనడానికి రుజువుంది. బ్రిటన్‌లో ఆర్బిట్ పేరుతో జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, లక్షణాన్ని బట్టి ఏ పరీక్ష, ఏ మందు అని వరుసగా రాసిపెట్టిన పట్టికను అనుసరించినవారికి, సలహాల పుస్తకం మాత్రమే అందుకున్నవారికంటే బాధ బాగా తగ్గింది. ఆ పట్టికతో శిక్షణ పొందిన నర్సు చూసిన రోగులకూ స్పెషలిస్టు చూసినవారితో సమానమైన ఫలితాలే వచ్చాయి. పెద్ద డాక్టర్లు తక్కువగా ఉన్న ఆస్పత్రులు ఈ సంగతిని గట్టిగా పట్టించుకోవాలి.

మలంలో రక్తం కనబడితే మొలలనో, రేడియేషన్ వల్లేననో అనుకుని వదిలేయకండి. వేరే క్యాన్సర్ కాదని, మలద్వారం గుండా కెమెరా ట్యూబు పంపి చూసే పరీక్షతో తేల్చుకోవాలి. ఆ పరీక్ష చేసే డాక్టరుకు రేడియేషన్ తీసుకున్న సంగతి ముందే చెప్పండి. పురీషనాళం ముందుగోడ నుంచి అనవసరంగా బయాప్సీ ముక్క తీస్తే ఆ గాయం మానక, మూత్రసంచికో యోనికో రంధ్రం పడే ప్రమాదం ఉంది. కొద్దిపాటి రక్తస్రావం చాలామందిలో మలం మెత్తగా ఉంచుకుంటే తగ్గుతుంది. తగ్గకపోతే సుక్రాల్‌ఫేట్ ఎనిమా లాంటి మార్గాలున్నాయి.

మూత్రం మంటగా, మాటిమాటికీ వస్తుంటే ముందు ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్షించాలి. నీళ్లు తాగడం మానేస్తే మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది. కెఫీన్ ఉన్న పానీయాలు తగ్గించండి. మూత్రంలో రక్తం ఒక్కసారి కనిపించినా చూపించుకోవాలి.

ఇక స్త్రీలకు ఎవరూ విడమరిచి చెప్పని విషయం. రేడియేషన్ తర్వాత యోని గోడలు ఒకదానికొకటి అతుక్కుని, ఇరుకై, పొట్టిదై పోవచ్చు. దాంపత్యం ఒక్కటే కాదు, తర్వాత డాక్టరు లోపల పరీక్షించి క్యాన్సర్ తిరిగి వచ్చిందో లేదో చూడటం కూడా కష్టమవుతుంది. అందుకే పెళ్లికానివారికీ, భర్త లేనివారికీ డైలేటర్ గురించి చెప్పాలి. ఇది నున్నటి గొట్టంలాంటి పరికరం, సైజుల వారీగా వస్తుంది. లోపలి పుండు మానాక, సాధారణంగా చికిత్స అయిన 2 నుంచి 8 వారాల మధ్య, డాక్టరు చూసి సరేనన్నాక మొదలుపెట్టాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి ఎడం చేసి, నీటి ఆధారిత జెల్ రాసి, అన్నిటికంటే చిన్న సైజును నడుము వైపుకు వాలుగా మెల్లగా లోపలికి పంపాలి. అడ్డు తగిలినచోట ఆగి, ఊపిరి వదులుతూ కండరాన్ని సడలించాలి. బలవంతంగా తోయకూడదు. 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, నెమ్మదిగా తిప్పుతూ తీసి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. వారానికి రెండు మూడు సార్లు చేయాలి. రెండు చుక్కల రక్తం కనిపిస్తే కంగారు అక్కర్లేదు, ధారగా వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. నెలకే మానేస్తే మళ్లీ ఇరుకవుతుంది. మచ్చకట్టడం ఏళ్ల తరబడి సాగుతుంది కాబట్టి ఈ సాధనా అలాగే సాగాలి.

వయసులో ఉన్న స్త్రీలకు అండాశయాలు దెబ్బతిని నెలసరి ఆగిపోతుంది. హార్మోన్లు ఇవ్వొచ్చా లేదా అన్నది క్యాన్సర్ రకాన్ని బట్టి ఉంటుంది. గర్భాశయ ముఖద్వారంలో ఎక్కువగా వచ్చే స్క్వామస్ రకానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు, అడిగి తెలుసుకోండి. పురుషుల్లో అంగస్తంభన రెండు మూడేళ్లలో క్రమంగా తగ్గొచ్చు. మందులున్నాయి, కానీ గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవారు వాటిని వేసుకోకూడదు.

నడుము కింద, పిరుదుల మధ్య కొత్తగా నొప్పి మొదలైతే క్యాన్సర్ ఎముకలకు పాకిందని బెంగపడతారు. రేడియేషన్ పడిన త్రికాస్థిలో (వెన్నెముక అడుగున, నడుము కింద ఉండే ఎముకలో) వెంట్రుకవాసి పగుళ్లు రావడం కూడా దీనికి కారణం కావొచ్చు. నిలబడితే పెరిగి పడుకుంటే తగ్గే నొప్పి వీటిది. ఎక్స్‌రేలో తరచూ కనిపించవు, ఎంఆర్ఐలో తేలుతుంది. విటమిన్ డి, కాల్షియం చూసుకోవడం, కొన్నాళ్లు భారం తగ్గించుకోవడం దీనికి వైద్యం. కాలు వాస్తే మాత్రం ముందు రక్తం గడ్డకట్టలేదని నిర్ధారించుకోవాలి.

చివరగా, రేడియేషన్ ముగిసిన రోజే సారాంశ పత్రం అడిగి తీసుకోండి. ఏ భాగానికి, మొత్తం ఎన్ని గ్రే (రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం), ఎన్ని విడతలు, ఏ తేదీల మధ్య, లోపలి రేడియేషన్ కూడా ఇచ్చారా అన్నవి అందులో ఉండాలి. పదేళ్ల తర్వాత వేరే ఊళ్లో కడుపు ఆపరేషన్ చేయాల్సి వచ్చిన సర్జన్‌కు మొదట కావలసింది అదే. దాన్ని ఫోటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, ఇంట్లో ఇంకొకరికీ పంపి ఉంచండి.

ఇట్లు,
రేడియోథెరపీ విభాగాల్లో పనిచేసే కొందరు నర్సులు