మొక్కల మొదట్లో యూరియా ఎందుకు?

సంపాదకుడు గారికి,

వానలు పడగానే బెంగళూరులో మొక్కలు నాటే హడావుడి మొదలవుతుంది. మా లేఔట్ పక్క ఖాళీ స్థలంలోనూ వేప, నేరేడు, కానుగ నాటారు. సంతోషమే. కొద్ది రోజులకే కాంట్రాక్టరు మనుషులు బస్తా విప్పి, మొక్కకో గుప్పెడు యూరియా పోసి వెళ్లారు. తెల్లటి గుళికలు కాండాన్ని ఆనుకునే పడి ఉన్నాయి. ఎందుకయ్యా అంటే, "ఇన్‌స్పెక్షన్ ఉంది సార్, పచ్చగా కనబడాలి కదా" అన్నారు.

పచ్చబడ్డాయి, కాదనను. యూరియాలో 46 శాతం నత్రజనే. 45 కిలోల బస్తా 270 రూపాయల లోపే దొరుకుతుంది, అదీ రైతు కోసం ప్రభుత్వం సబ్సిడీ భరించబట్టి. కానీ వరిని నాలుగు నెలల్లో కోసేస్తాం. చెట్టు అదే మట్టిలో నలభై ఏళ్లు బతకాలి.

మట్టిలో పడ్డ యూరియా ముందు అమ్మోనియంగా, తర్వాత నైట్రేట్‌గా మారుతుంది. ఈ రెండో మార్పులో ఆమ్లం పుడుతుంది. వేళ్లు తీసుకోగా మిగిలిన నైట్రేట్ వాన నీటితో కిందికి దిగిపోతూ కాల్షియం, మెగ్నీషియం, పొటాషియంలను కూడా వెంటబెట్టుకు పోతుంది. మన ఎర్ర నేలలు చాలాచోట్ల ముందే కాస్త ఆమ్ల గుణం ఉన్నవి, పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ. ఇనుము ఎక్కువ కాబట్టి భాస్వరమూ వేళ్లకు సులువుగా అందదు. అలాంటిచోట ఒక్క నత్రజనే పోస్తే ఆకు పెరుగుతుంది, దాంతో భాస్వరం అవసరమూ పెరుగుతుంది, వచ్చేది మాత్రం పెరగదు. వేళ్లను పట్టుకుని ఉండి భాస్వరం అందించే శిలీంధ్రాలు కూడా నత్రజని ఎక్కువైతే తగ్గుతాయి. కిందటేడు నాటిన మొక్కల్లో ముదురు ఆకులు కొన్ని నరాల (ఈనెల) దగ్గర పచ్చగానే ఉండి, వాటి మధ్యలో పసుపెక్కాయి. మెగ్నీషియం చాలకపోతే ఇలాగే కనిపిస్తుంది. పరీక్ష చేయించకుండా అదేనని నేను తేల్చి చెప్పను. మా వాళ్లు మాత్రం దానికీ యూరియానే మందన్నారు!

అమెరికాలోని హార్వర్డ్ ఫారెస్ట్‌లో 1988 నుంచి ఇదే విషయం మీద ప్రయోగం జరిగింది. హెక్టారుకు ఏటా 150 కిలోల నత్రజని అందిన పైన్ తోటలో ఏళ్లు గడిచేకొద్దీ చెట్లు చనిపోవడం ఎక్కువైంది. యూరియా లెక్కన అది ఏడు బస్తాల పైమాటే. ఓక్ చెట్లు అంతగా దెబ్బతినలేదు. అది చలి దేశం, మట్టి వేరు, అక్కడి అంకెలు ఇక్కడ అతికించలేం. చెట్టును బట్టి, నేలను బట్టి ఫలితం మారుతుందనే కదా నేనూ అనేది.

నాటినవాటిలో కానుగ ఉందన్నాను. దాని వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తుంది. దానికి యూరియా పోయడమంటే సొంత బావి ఉన్నవాడి ఇంటికి ట్యాంకర్ తోలడమే. పైగా మట్టిలో నత్రజని దండిగా ఉంటే ఆ బుడిపెలు పని తగ్గించేస్తాయి.

ఇక బోర్ల సంగతి. కిందికి దిగిన ఆ నైట్రేట్ బోరు నీటిలోనూ కలవొచ్చు. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. నగరంలో ఈ సమస్యకు మురుగునీరే పెద్ద కారణం, మొక్కల యూరియా వాటా చిన్నదే కావచ్చు. అయినా తెలిసి తెలిసి మనం కలపడం దేనికి?

జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) ఉన్న ఊరు మనది. నాటే ముందు మట్టి పరీక్ష చేయించడం కష్టమేం కాదు. ఫలితం చూశాకే ఏం వేయాలో, అసలు వేయాలో వద్దో నిర్ణయించాలి. కాంట్రాక్టరుకు బిల్లులో పెద్ద భాగం మూడో ఏడు బతికున్న మొక్కల లెక్కన ఇస్తే, ఇన్‌స్పెక్షన్ కోసం పచ్చరంగు తెప్పించే పని ఉండదు. చెట్ల కింద రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టడం కూడా ఆపించాలి. ఆ పొగలో పోతున్నదీ నత్రజనే. ఆకును పాదుల్లోనే పరిస్తే కాల్షియం, మెగ్నీషియం కూడా మెల్లగా మట్టికి చేరతాయి. దీనికి టెండరు కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కె.ఆర్.పురం, బెంగళూరు